సొరుగులో పడేసిన ఆవర్జా

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర అడుగు తీసి అడుగు వేయలేం. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చిన పిల్లలు కంప్యూటర్ కోచింగ్ బ్యాచ్ అయిపోయి, భుజాన బ్యాగుతో మెట్లు దిగుతుంటారు. పై అంతస్తుల్లో వాళ్లకు చెప్పిన పాఠం ఏమిటి? ఒరాకిల్ డేటాబేస్‌కు బ్యాకప్ ఎలా తీయాలి, కుప్పకూలిన సర్వర్‌ను ఎన్ని నిమిషాల్లో లేపాలి, ఒక ఊళ్లో డేటా సెంటర్ మునిగితే ఇంకో ఊరి నుంచి బ్యాంకును ఎలా నడపాలి. ఈ చదువుతో మన పిల్లలు ఏయే దేశాల బ్యాంకుల లెక్కలనో కాపాడుతున్నారు. అదే భవనం సెల్లార్‌లో ఉన్న డీటీపీ సెంటర్ లెక్కలకు కాపలా ఎవరు? పంజాగుట్ట సందులో ఇద్దరు మనుషులతో నడిచే ఆడిటర్ ఆఫీసు పద్దులకు దిక్కెవరు?

దిక్కు ఒక్కటే. అరచేతిలో ఇమిడే నల్లటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. అదెక్కడుందో ఒకసారి వెళ్లి చూడండి. యూపీఎస్ మీద, ఆ వేడికి వేగుతూ ఉంటుంది. లేదా ఏసీ నీళ్లు కారే కిటికీ పక్కన. లేదా స్టేప్లర్ పిన్నులు, ఎండిపోయిన పెన్నులు, పాత రబ్బరు స్టాంపుల మధ్య సొరుగులో. దాని మీద పేరుండదు, తేదీ ఉండదు. యజమాని సెల్‌ఫోన్‌కు రెండు వేలు పెట్టి కవరు కొంటాడు. ఇరవై ఏళ్ల వ్యాపారాన్ని మోస్తున్న డిస్క్‌కు గుడ్డసంచీ కూడా కుట్టించడు. ఇది న్యాయమా?

మా చిన్నప్పుడు కొట్లో ఆవర్జా అంటే దేవుడి తర్వాత దేవుడు. ఎర్రట్ట పుస్తకానికి పసుపు బొట్టు పెట్టి, మొదటి పేజీలో ‘శ్రీ’ రాయనిదే కలం కదిలేది కాదు. దీపావళినాడు లక్ష్మీదేవి పటం పక్కనే పీట వేసి చిట్టా, ఆవర్జా పెట్టేవాళ్లు. పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకునేవాళ్లు. రాత్రి కొట్టు కట్టేటప్పుడు గల్లాలో డబ్బు కన్నా ముందు అదే ఇనప్పెట్టెలోకి వెళ్లేది. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, ఎవరు ఎంత ఇవ్వాలో రాసిన పుస్తకం పోతే ఏం చెయ్యగలం అని మా తాత అంటుండేవాడు. ఆ ఆవర్జా ఇప్పుడు ఈ డిస్క్‌లో ఉంది. ఆకారం మారిందని గౌరవం మానేశామా?

ఇంకా వెనక్కి వెళ్దాం. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. మనకు దక్కినవి సుమారు 14 వేలు. అవైనా ఎలా దక్కాయి? రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో సంకీర్తన భాండాగారమని ఒక అర కట్టి దాచారు గనక దక్కాయి. చెక్కితే చాలదని, చెక్కిన రేకుకు గూడు కూడా కావాలని ఆ రోజుల్లోనే తెలిసిన జాతి మనది. తాటాకు చివికిపోతుందని తెలిసి తరానికోసారి కొత్త ఆకుల మీదికి ఎక్కించుకున్న లేఖకులు మనవాళ్లు. ఇవాళ ఆ పనికి కంప్యూటర్ భాషలో పెద్ద పెద్ద పేర్లున్నాయి. పని మాత్రం లేదు. డిస్క్ అయిదారేళ్లు తిరిగాక అలిసిపోతుందని, కొత్తదానికి ఎక్కించుకోవాలని ఎంతమంది యజమానులకు తట్టింది?

ఈ డిస్క్ ఎంత సుకుమారమైనదో చెబితే చాలామంది నమ్మరు. లోపల గిర్రున తిరిగే పళ్లేనికీ, దాన్ని చదివే ముల్లుకూ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. వెంట్రుక మందం దానికి కొండతో సమానం. తిరుగుతుండగా బల్ల మీంచి జారితే ఆ ముల్లు పళ్లేన్ని గీరేస్తుంది. ఇనప్పెట్టెలో పెడితే చాలనుకోవడమూ పొరపాటే. కాగితాల కోసం చేసిన ఫైర్‌ప్రూఫ్ పెట్టె, మంటల్లో లోపలి వేడి 177 డిగ్రీల దాకా పోయినా పరీక్ష నెగ్గినట్టే. ఆ వేడికి కాగితం నిలుస్తుంది, డిస్క్ నిలవదు. లోపల 52 డిగ్రీలు దాటనివ్వని పెట్టెలు వేరే ఉన్నాయి. ఈ తేడా చెప్పే అమ్మకందారుడు ఏ కొట్లో కనిపించాడు మీకు?

నీళ్ల సంగతి అమీర్‌పేటకు వేరే చెప్పాలా? 2000 ఆగస్టు 24న పక్కనే బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో నగరం మళ్లీ మునిగింది. అంత వాన అక్కర్లేదు, గంటసేపు గట్టిగా కురిస్తే సెల్లార్లు నిండుతాయి. నాకు తెలిసిన ఒక పెళ్లికార్డుల దుకాణం అలాగే ఒక రాత్రి మునిగింది. పొద్దున నేను వెళ్లేసరికి మోకాళ్ల లోతు బురద నీళ్లలో నిలబడి, యజమాని డిస్క్‌ను తలకిందులుగా పట్టుకుని ఉన్నాడు. కేబుల్ దూర్చే రంధ్రంలోంచి చుక్క చుక్కగా నీళ్లు కారుతున్నాయి. “అన్నీ ఇందులోనే ఉన్నాయి సార్” అన్నాడు. పదకొండేళ్ల డిజైన్లు, రావాల్సిన బాకీల జాబితా. బ్యాకప్ తీశాడు పాపం. తీసి, కంప్యూటర్ పక్కనే నేలమీద పెట్టాడు. రెండో ప్రతి ఇంట్లో పెట్టుకోమని ఆయనకు ఎవరైనా చెప్పారా?

ప్రమాదం నీళ్లతోనే కాదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఆరుగురు పోయారు. ఆ ప్రాణాల ముందు ఏ లెక్కలూ లెక్కలోకి రావు. కానీ మన చిన్న ఆఫీసులన్నీ అలాంటి కాంప్లెక్సుల్లోనే ఉన్నాయి. 2017 మేలో వన్నాక్రై వైరస్ లోకంలోని కంప్యూటర్లకు తాళాలు వేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లే దానికి చిక్కాయి. కేబుల్ ఊడదీయకుండా రాత్రింబగళ్లు తగిలించి ఉంచిన డిస్క్ అడ్రస్ ఆ వైరస్‌కు చెప్పాల్సిన పని ఉందా? 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకుంటే, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల జీ-డ్రైవ్ కాలిపోయింది. దానికి వేరే చోట ఇంకో ప్రతి లేదు. అంత దేశానికే ఆ గతి పట్టింది, మన కిరాణా కొట్టు ఎంత!

ఏలినవారిని అడుగుతున్నాను. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచాలని జీఎస్టీ చట్టంలో రాశారు. కంపెనీలైతే ఎనిమిదేళ్లన్నారు. కంప్యూటర్‌లో ఉంచిన పద్దులకు కంపెనీలు ప్రతిరోజూ బ్యాకప్ తీసి దేశంలోని సర్వర్‌లోనే ఉంచాలని 2022 ఆగస్టులో సవరణ తెచ్చారు. మంచిదే. దాచమని ఆజ్ఞాపించిన చేత్తోనే, ఎలా దాచాలో ఒక కాగితం మీద తెలుగులో అచ్చేసి ప్రతి దుకాణానికీ పంచితే ఏం పోయింది? అమీర్‌పేటకు కూతవేటు దూరంలో, యూసుఫ్‌గూడలో, చిన్న పరిశ్రమల కోసం 1960లో పుట్టిన జాతీయ సంస్థ ఉంది. అయ్యా, మీ గుమ్మం ముందున్న ఈ గల్లీలకు ఒక్కరోజు రండి. కోచింగ్ సెంటర్ల యజమానులారా, మీ కింద సెల్లార్‌లో ఉన్నవాళ్లకు ఒక ఆదివారం ఉచితంగా ఈ పాఠం చెప్పండి. రెండు డిస్కులు, ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో, పని అవగానే కేబుల్ తీసేయడం, నెలకోసారి నిజంగా తెరుచుకుంటుందో లేదో చూసుకోవడం. ఇంతే కదా! ఇంత చిన్న పాఠానికి నోచుకోలేదా మా చిన్న వ్యాపారి?

ద్వారకాపురి కాలనీలో ఒక ఆడిటర్ ఆఫీసు నాకు తెలుసు. అక్కడ అకౌంట్లు రాసే అమ్మాయి రోజూ సాయంత్రం ట్యాలీ మూసే ముందు బ్యాకప్ తీస్తుంది. ఎవరూ చెప్పలేదు, జీతంలో దానికి లెక్క లేదు. డిస్క్ మీద తెల్ల స్టిక్కరు అంటించి స్కెచ్ పెన్నుతో తేదీ రాస్తుంది. సోమవారానికి ఒక డిస్క్, మంగళవారానికి ఇంకొకటి. “రోజూ ఏం కాపీలమ్మా, టైమ్ వేస్టు” అని ఆఫీసులోవాళ్లు విసుక్కుంటారు. మారుమాట్లాడదు. వంద దుకాణాల లెక్కలు ఆ అమ్మాయి వేళ్ల మీదుగా నడుస్తున్నాయని ఆ వంద మందిలో ఎంతమందికి తెలుసు? సంవత్సరాంతంలో స్వీటు డబ్బా పంచేటప్పుడు ఆమె చేసే ఈ పని గురించి ఒక్క మాట ఎవరన్నా అన్నారా?

మొన్న శుక్రవారం ఆమెతో పాటు పంజాగుట్ట మెట్రో స్టేషన్ దాకా నడిచాను. స్కానర్ బెల్టు మీద లంచ్ బ్యాగు పెట్టే ముందు లోపలి నుంచి చేతిరుమాలులో చుట్టిన డిస్క్ తీసి, టిఫిన్ బాక్సులో పెరుగు కారలేదు కదా అని తడిమి చూసుకుంది. రుమాలు మళ్లీ చుట్టి, ముడి వేసి, ఈసారి పర్సులో పెట్టుకుంది.