అమ్మ మెడ ఎవరి చేతిలో పెడుతున్నాం?

దసరా సంబరాల్లో భోజనాల దగ్గర మొదలైన మాట మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా చల్లారలేదు. రేపల్లె దగ్గర పల్లెటూళ్లో ఉంటున్న, మన సంఘం సభ్యురాలి తల్లికి మెడ పట్టేసింది. పక్క ఊళ్లో ‘ఎముకలు సర్దే క్యాంపు’ పెట్టారని తెలిసి వెళ్లారు. బల్ల మీద పడుకోబెట్టి, గెడ్డం కింద చెయ్యి వేసి, ఒక్క విసురున మెడ తిప్పారట. టక్కుమని చప్పుడొచ్చింది, ఇంకేం, తగ్గిపోతుందన్నారు. సాయంత్రానికి కళ్లు తిరిగి వాంతులయ్యాయి, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. గుంటూరు తీసుకెళ్లి స్కాన్ తీయించారు. దేవుడి దయవల్ల ఇప్పుడు కోలుకుంటున్నారు. క్యాంపు ఫీజు ఇక్కడ అమెరికా నుంచి ఫోన్లో కట్టింది కూతురే. వాళ్లిద్దరూ రాయమన్నాకే ఇది రాస్తున్నాను.

ఆ అమ్మాయిని తప్పు పట్టే అర్హత మనలో ఎవరికుంది? మెడలు తిప్పే వీడియోలు చూసి, ‘నాన్నా, నువ్వూ ఒకసారి చూపించుకో’ అని తెనాలికో బాపట్లకో పంపినవాళ్లం ఎందరం లేము? ఆ చప్పుడుకు జారిన పూస చోటికొచ్చిందని అర్థం కాదు. కీలులోని ద్రవంలో వాయువు బుడగ కట్టినప్పుడు వచ్చే శబ్దం అది. వేళ్లు విరుచుకున్నా అదే వస్తుంది. మెడ పూసల గుండా మెదడుకు రక్తం మోసే ధమనులు పోతుంటాయి. విసురుగా మెడ తిప్పించుకున్నాక ఆ ధమని గోడ చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. అరుదే, కానీ ఉన్నాయి. పైగా మన అమ్మల వయసులో ఎముకలు గుల్లబారి ఉండొచ్చు. అప్పుడు గట్టిగా నొక్కినా వెన్నుపూస చితికే ప్రమాదం ఉంది.

అలాంటి క్యాంపుల బోర్డుల మీద ఈమధ్య ‘ఆస్టియోపతి’ అన్న మాట కనబడుతోంది. ఇక్కడా అదే మాట వింటున్నాం కదా, మంచిదేనా అని చాలామంది అడిగారు. అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు 1874లో ఈ పద్ధతిని ప్రకటించాడు. 1864లో మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి ఆయన. ఆనాటి మందులు వాళ్లను కాపాడలేకపోయాయన్న బాధతో వేరే దారి వెతికాడు. 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. ఆ దారి తర్వాత రెండుగా చీలింది. అమెరికాలో ఆస్టియోపతి కాలేజీలో చదివిన డి.ఓ. అంటే పూర్తిస్థాయి డాక్టరు. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, 2020 నుంచి రెసిడెన్సీలూ ఎం.డి.లతో కలిపే. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ అంటే చేత్తో చికిత్స చేసే నిపుణుడే తప్ప మందులు రాసే డాక్టరు కాదు. అయినా అక్కడ 1993లోనే చట్టం చేశారు. జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్‌లో పేరు నమోదు కానివాళ్లు ఆ పేరు పెట్టుకోవడం నేరం. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అందుకని తెనాలిలో బోర్డు మీద ఆ మాట ఉన్నంత మాత్రాన వెనకాల ఏ చదువు ఉందో మీకు తెలిసినట్టు కాదు.

ఇక్కడ ఒక మాట నొప్పించినా చెప్పాలి. మన పిల్లలకు డి.ఓ. సీటు వస్తే పార్టీల్లో ‘అయ్యో, ఎం.డి. రాలేదా?’ అంటున్నాం. అమెరికాలో డాక్టరీ చదివే పిల్లల్లో నాలుగో వంతుకు పైగా డి.ఓ. కాలేజీల్లోనే ఉన్నారు. ఏళ్ల తరబడి చదివి, పరీక్షలు రాసి, లైసెన్సు తెచ్చుకునే ఆ పిల్ల ముఖం మీద ఆ మాట అని, ఏ చదువూ తెలియని మనిషికి అమ్మ మెడ అప్పగిస్తున్నాం. దయచేసి ఇకనైనా మానుకోండి. పక్కన నిలబడి ఆ మాట వింటున్న ఆ పిల్ల తల్లి మొహం ఒకసారి చూడండి.

ఈ చేతి వైద్యం సరిగా చదువుకున్నవాళ్ల దగ్గరికి వెళితే ఎలా ఉంటుందో తెలిస్తే క్యాంపుకూ దానికీ తేడా మీకే అర్థమవుతుంది. ముందు మాటలే చాలాసేపు నడుస్తాయి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడైనా పడ్డారా, రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నారా, స్టెరాయిడ్లు వాడారా అని అడుగుతారు. నిలబెట్టి, వంగమని, పక్కకు తిరగమని చూస్తారు. తర్వాతే చెయ్యి వేస్తారు, అదీ చెప్పి, ఒప్పుకున్నాకే. చాలాసార్లు టక్కుమనే చప్పుడే ఉండదు. తొడ వెనక కండ బిగుసుకుంటే, కాలు పైకెత్తి పట్టుకుని, ‘నా చేతిని కిందికి నెట్టండి’ అంటారు. కొన్ని సెకన్లు నెట్టి వదిలేశాక, కాలు ఇంకాస్త పైకి లేస్తుంది. అలా మెల్లగా సాగుతుంది వైద్యం. ఒకట్రెండు రోజులు ఒళ్లు పచ్చిగా ఉండొచ్చు. నడుం నొప్పికి దీనివల్ల కొంత మేలుందని పరిశోధనలు చెబుతున్నాయి. బ్రిటన్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం వ్యాయామంతో కలిపితేనే చేయించమన్నాయి. షుగరు, థైరాయిడ్ తగ్గిస్తామని ఎవరన్నా అంటే లేచి వచ్చేయండి. అన్నట్టు, ఇక్కడి డి.ఓ.లలో చాలామంది రోజువారీ ప్రాక్టీసులో చేతి వైద్యం చేయరు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడగండి. విజిటర్ ఇన్సూరెన్సు మీద వచ్చిన అమ్మానాన్నలకైతే పాత జబ్బుకు సాధారణంగా డబ్బు రాదు, అదీ ముందే కనుక్కోండి.

నాకు అన్నిటికన్నా భయం వేసేది మనవాళ్లు దాచే అలవాటు. ‘ఏం లేదురా, కాస్త నడుం పట్టేసింది, తైలం రాసుకున్నా’ అంటారు. మన డెల్టాలో ఆ తరం ఆడవాళ్లు వంగి నాట్లు వేశారు, బిందెలు మోశారు. నొప్పి వాళ్లకు లెక్కలోది కాదు. అందుకే అడగాల్సింది మనమే. మూత్రం, విరేచనం పట్టు తప్పుతున్నాయా? కూర్చునే చోట స్పర్శ తెలియడం లేదా? పాదం ఈడ్చుకుంటున్నారా? జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా? పడ్డాక మొదలైందా? వీటిలో ఒక్కటి ఉన్నా ఏ చేతి వైద్యమూ వద్దు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుంటూరు పెద్దాసుపత్రి ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. ఇవేవీ లేని మామూలు నొప్పికి ముందు ఎముకల డాక్టరు, ఆయన చెబితే బీపీటీ చదివిన ఫిజియోథెరపిస్టు. మెడ విసురుగా తిప్పడానికి మాత్రం ఎవరినీ ఒప్పుకోవద్దని ఫోన్లో గట్టిగా చెప్పండి.

పుత్తూరు కట్టు సంగతేమిటని బాపట్ల నుంచి ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. ఆ కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకాన్ని నేను కాదనను బాబాయిగారూ. కానీ అది విరిగిన చేతికీ కాలికీ వేసే కట్టు. మెడకూ వెన్నుకూ మాత్రం ఎక్స్‌రే తీయించకుండా ఎవరి దగ్గరికీ వెళ్లొద్దు.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మీ ఇంట్లోవాళ్లకు మేలు చేసిన ఫిజియోథెరపిస్టుల పేర్లు, వాళ్ల అర్హతలతో సహా కార్యదర్శికి పంపండి. విచారించి సభ్యులకు అందజేస్తాం. అక్కడ వైద్యం చేస్తున్న మన డాక్టర్లు నెలకో ఆదివారం సభ్యుల తల్లిదండ్రులతో ఫోన్లో మాట్లాడతామన్నారు, వాళ్లకు ఎంతో రుణపడి ఉన్నాం. వేళలు వచ్చే సంచికలో ఇస్తాం. సంక్రాంతి సంచికకు రచనలు డిసెంబరు 10 లోపు అందాలి. ఇల్లు మారినవాళ్లు కొత్త చిరునామా రాయండి, పోయిన సంచికలు చాలా తిరిగొచ్చాయి.