కంచెకు ఆవల నున్నవారు

ఇంగ్లండు దక్షిణ సముద్రతీరమున షోరమ్ అను ఊరిలో చిన్న విమానాశ్రయ మొకటి యున్నది. 2015 ఆగస్టు 22వ తేదీన అచ్చట విమాన ప్రదర్శనము జరుగుచుండగా, హాకర్ హంటర్ అను పాత యుద్ధవిమానము ఆకాశమున నిలువు వలయము చుట్టి, దిగివచ్చుచు, సకాలమున తల యెత్తలేక, ప్రక్కనున్న ఏ-27 రహదారిపై కూలినది. 11 మంది మరణించిరి. విమానము నడిపినవాడు తీవ్రగాయములతో బ్రదికెను. మృతులలో ఒక్కరైనను ప్రదర్శనపు ఆవరణ లోపలివారు కారు. ఫుట్‌బాలు ఆటకు పోవుచున్న యువకు లిద్దరు, పెండ్లికూతురిని తోడ్కొని వచ్చుటకు బయలుదేరిన కారుచోదకు డొకడు, సైకిళ్లపై షికారు వెడలిన మిత్రు లిద్దరు, కూడలిలో నిలిచి తల యెత్తి చూచుచున్నవారు కొందరు. పాత యుద్ధవిమానములతో నేలకు చేరువగా చేయు విన్యాసములను గూర్చి సాగు వాదమంతయు ఈ జాబితాను ఎదుట నుంచుకొని చేయవలసినదని నా అభిప్రాయము.

ఇట్టి ప్రదర్శనములను కోరువారి మాటను తేలికగా త్రోసివేయరాదు. అద్దాల బీరువాలోని వీణకును, మీటిన వీణకును ఎంత భేదము కలదో, మ్యూజియములోని విమానమునకును, గాలిలోని విమానమునకును అంత భేదము కలదు. షోరమ్‌లో కూలిన హంటరు 1955లో తయారైనది. ఆ జాతి విమానము మనకును పరాయిది కాదు. 1957లో భారత వాయుసేనలో చేరి, 1965, 1971 యుద్ధములలో పాల్గొన్నది. 1971 డిసెంబరులో రాజస్థానపు ఎడారిలో లోంగేవాలా కడ శత్రువుల టాంకులను చీల్చి చెండాడినవి జైసల్మేరునుండి లేచిన హంటర్లే. ఆ యంత్రముల రొద మరల చెవిని పడినప్పుడు ముదుసలి సైనికుని కన్ను చెమ్మగిల్లుట సహజము. అందులకు నాకు అభ్యంతరము లేదు. అభ్యంతరమెల్ల పిల్లిమొగ్గతోనే.

ఆంగ్లమున లూపు అనబడు ఆ విన్యాసము నిజముగా పిల్లిమొగ్గయే. వేగమును ఎత్తుగా మార్చుకొనుట, ఎత్తును మరల వేగముగా మార్చుకొనుట. ఇంతకు మించి అందు రహస్యము లేదు. వలయమున పైకొసకు చేరునప్పటికి చాలినంత ఎత్తు లేనిచో, దిగునప్పుడు ఆ లోటును నేలయే పూరించును. బ్రిటిషు విమానప్రమాద పరిశోధకులు 2017 మార్చిలో వెలువరించిన నివేదిక ఈ లెక్కనే అంకెలతో చూపినది. గంటకు సుమారు 650 కిలోమీటర్ల వేగముతో ఆరంభింపవలసిన వలయమును దాదాపు 575 కిలోమీటర్లతో ఆరంభించిరి. ఎక్కునప్పుడు ఇంజనునుండి పూర్తి బలమును తీసికొనలేదు. పైకొసను కనీసము 3,500 అడుగులు ఉండవలసియుండగా 2,700 అడుగులే యుండెను. అయినను అచ్చటనుండి 4 సెకండులవరకు విన్యాసమును విడిచి తప్పించుకొను మార్గమున్నదని తరువాత చేసిన పరీక్షలలో తేలినది. విమానచోదకునికి వేరొక రకపు విమానమునకు సరిపడు అంకెలు స్ఫురణకు వచ్చియుండవచ్చునని కూడ పరిశోధకులు ఊహించిరి. పదివేల అడుగుల ఎత్తున ఇట్టి పొరపాటు పొరపాటుగానే ముగియును. సంపాతి పందెమునకై సూర్యునిదాక ఎగిరి రెక్కలు కాల్చుకొనెను గాని, పడినది వింధ్యపర్వతముపైన. షోరమ్‌లో వింధ్య లేదు. శనివారము మధ్యాహ్నపు రాకపోకలతో నిండిన రహదారి కలదు.

1952 సెప్టెంబరు 6వ తేదీన ఫార్న్‌బరో ప్రదర్శనములో డి.హెచ్. 110 అను కొత్త విమానము గాలిలోనే ముక్కలై, ప్రేక్షకులు 29 మందిని, అందున్న ఇద్దరిని బలిగొన్నది. పిమ్మట, విమానము ప్రేక్షకులకు ఎంత దూరమున ఉండవలెనో, ఏ దిక్కున తిరుగవలెనో నియమములను కఠినము చేసిరి. అవి మంచి నియమములే. కాని వాని చూపు ప్రధానముగా కంచెకు లోపలనున్న జనముపైననే నిలిచినది. టిక్కెట్టు కొన్నవాడు ఎంతో కొంత ఎరిగి వచ్చినవాడు. అతనికి దూరపు హద్దు రక్ష. త్రోవన పోవువాడు ఎరుగడు, సమ్మతింపలేదు, వేడుకలో పాలు కోరలేదు. అతని నెత్తిపై వలయము! ఫార్న్‌బరో తరువాత బ్రిటిషు ప్రదర్శనములలో ఇంత ప్రాణనష్టము షోరమ్‌లోనే కలిగినది.

న్యాయస్థానముల మాట చెప్పవలెనన్న, 2019 మార్చిలో లండను జూరీ విమానచోదకుని నిర్దోషిగా విడిచినది. 2022 డిసెంబరులో మరణవిచారణాధికారి ఆ 11 మరణములును చట్టవిరుద్ధముగా సంభవించినవని తేల్చెను. రెండిట రుజువునకు కోరు ప్రమాణములు వేరు గనుక ఇందు వైరుధ్యము లేదని న్యాయవాదులందురు. మృతుల బంధువుల కా వివరణము ఎంత ఊరట నిచ్చునో చెప్పజాలను.

అమెరికాలో 2022 నవంబరు 12వ తేదీన డల్లాసు నగరమున రెండవ ప్రపంచయుద్ధకాలపు బి-17 బాంబరును పి-63 కింగ్‌కోబ్రా ఢీకొని ఆరుగురు మరణించిరి. నేలపైనివారు అదృష్టవశమున బ్రదికిరి. విమానములను వేరువేరు ఎత్తులలో నుంచుటకు ముందుగా తగిన పథకము లేకపోవుట కారణమని విచారణసంఘము నిర్ణయించినది. ఇదియును యంత్రదోషము కాదు. పాత యంత్రములను నిందించువారు గమనింపవలసిన విషయము.

మనకును ఇట్టి అనుభవము లేకపోలేదు. 2010 మార్చి 3వ తేదీన హైదరాబాదు బేగంపేటలో విమాన ప్రదర్శనము జరుగుచుండగా, నౌకాదళపు సాగర్ పవన్ జట్టులోని కిరణ్ విమానము న్యూ బోయినపల్లిలో ఒక ఇంటిపై కూలినది. అందున్న అధికారు లిద్దరును మరణించిరి. నేలపై కొందరు గాయపడిరి. అది మ్యూజియపు వస్తువు కాదు, కొలువులోనున్న విమానమే. అయినను ప్రశ్న మారదు: ఇంటి వాకిట కూర్చున్నవానిని ఎవరు అడిగిరి? నగరము నలువైపుల క్రమ్ముకొన్న విమానాశ్రయమున వేడుకకు అనుమతి నిచ్చునప్పుడు ఎచ్చట కుర్చీలు వేయుదురని మాత్రమే కాక, వలయము క్రింద ఎవరి యిండ్లు, ఏ బాటలు, ఏ బడులు ఉన్నవో పటము తెప్పించి చూడవలెను.

షోరమ్ ప్రమాదమైన రెండు దినములకే, ఆగస్టు 24వ తేదీన, బ్రిటిషు పౌరవిమానయాన సంస్థ పాత జెట్టు విమానములు నేలమీదుగా విన్యాసములు చేయరాదనియు, సాదాగా ఎగిరి సాగిపోవచ్చుననియు ఆజ్ఞ యిచ్చెను. ఆకాశపు అందమంతయు పోయినదని ఆక్షేపించినవారు లేకపోలేదు. వారికి మన వాయుసేనలోని పరశురామ అను డకోటాను చూపవలెను. 1947 అక్టోబరు 27వ తేదీన శ్రీనగరములో మన సైనికులను దింపిన తొలి డకోటాకున్న వి.పి. 905 అను సంఖ్యనే దానికిచ్చి, 2018లో వాయుసేన చేర్చుకొన్నది. ఆ యేటి అక్టోబరు 8వ తేదీన హిండన్‌లో జరిగిన వాయుసేన దినోత్సవమున అది పాల్గొన్నది. పిల్లిమొగ్గలు వేయలేదు. రెండు ఇంజనుల రొద వినిపించుచు, తిన్నగా, నెమ్మదిగా సాగిపోయినది.