దువ్వని తోట

మొన్న ఆదివారం మా బావగారింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక పెరటి వసారాలో నడుం వాల్చానో లేదో, మా మేనకోడలు ఇంగ్లీషు నవల పట్టుకుని వచ్చింది.

"మామయ్యా, అన్‌కెంప్ట్ గార్డెన్ అంటే ఏమిటి?"

"ఏముందమ్మా! పిచ్చిమొక్కలు మొలిచి అడ్డదిడ్డంగా పెరిగిపోయిన తోట," అన్నాను.

"అది నాకూ తెలుసు. 'అన్' అంటే కానిది. మరి 'కెంప్ట్' అంటే?"

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. జవాబు తెలియనప్పుడు పెద్దవాళ్ళ కళ్ళజోళ్ళు మసకబారడం సహజం. చివరికి బావగారి బీరువాలోంచి పెద్ద నిఘంటువు దించక తప్పలేదు.

తీరా చూస్తే, ఆ మాటకూ తోటకూ మొదట్లో ఏ సంబంధమూ లేదు. అది తలకు సంబంధించిన మాట! పాత ఇంగ్లీషులో దువ్వడాన్ని 'కెంబన్' అనేవారట. అదే అరిగి 'కెంబ్' అయింది. దువ్విన తల కెంప్ట్, దువ్వని తల అన్‌కెంప్ట్. తరవాత దువ్వెన పేరైన 'కోంబ్' తానే క్రియగా కూడా మారి, పాత 'కెంబ్'ను వాడుకలోంచి గెంటేసింది. 'కెంప్ట్' అన్న మాట కూడా అరుదైపోయింది. 'అన్‌కెంప్ట్' ఒక్కటీ మిగిలింది. "తల్లి లేని పిల్లలా" అనబోయి, ఎదురుగా ఉన్నది ఎవరో గుర్తొచ్చి, ఆ మాట మింగేశాను.

1579లో ఎడ్మండ్ స్పెన్సర్ అనే కవి, 'షెపర్డ్స్ కాలెండర్' అన్న కావ్యంలో, మొరటు పాటలను చెప్పడానికి ఈ మాట వాడాడు. చదివేవాళ్ళకు తెలియదేమోనని దాని అర్థాన్ని ఆ పుస్తకంలోనే వివరించారు కూడా. అంటే, తలమీద పుట్టిన మాట అప్పటికే కవిత్వం మీదికి పాకిందన్నమాట. అక్కణ్ణించి బట్టలకూ, ఇళ్ళకూ, తోటలకూ వెళ్ళింది.

'కోంబ్'కు మూలార్థం పన్ను. సంస్కృతంలో పన్ను అనే అర్థం గల 'జంభ' దానికి దాయాదే. మనం మాత్రం దువ్వెనకు పళ్ళున్నాయనమూ? మనకు పొదా గుబురే, గడ్డమూ గుబురే. తీగా చిక్కుపడుతుంది, జుట్టూ చిక్కుపడుతుంది. తలనూ తోటనూ ఒకే కంటితో చూడడం ఇంగ్లీషువాళ్ళ సొత్తేమీ కాదు.

అంతా విని మా మేనకోడలు పెరట్లోకి చూస్తూ, "అయితే తప్పు మొక్కలది కాదన్నమాట. దువ్వేవాళ్ళు లేరు, అంతే," అంది.

నాకు నోట మాట రాలేదు. అక్కయ్య పోయి రెండేళ్ళయింది. రోజూ సాయంత్రం ఈ వసారాలోనే కూచుని ఈ పిల్లకు జడ వేసేది. జడ కాగానే లేచి మొక్కల సంగతి చూసేది. ఇప్పుడు సన్నజాజి పందిరి దాటి బావిగట్టెక్కింది. మందార గోడమీద పడింది. మనిషిని పెట్టి అంతా కొట్టించి సిమెంటు చేయిస్తానని బావగారు వారం రోజులుగా అంటున్నారు. పిల్ల వద్దంటోంది. పొద్దున నేనూ బావగారికే వత్తాసు పలికాను.

"చిక్కుపడిందని ఎవరైనా తల గొరిగించేస్తారా మామయ్యా?" అంది.

ఇద్దరం లేచాం. కత్తిపీట, పురికొస తెచ్చుకున్నాం. ఎండిన కొమ్మలు నేను కోస్తుంటే, పచ్చి తీగలను అది ఒక్కొక్కటే విడదీసి పందిరికి కట్టింది. చీకటి పడేవేళకు సగమైనా కాలేదు.

బావగారు వసారాలో నిలబడి చాలాసేపు చూశారు. సిమెంటు మాట ఎత్తలేదు. లోపలికి వెళ్ళి లాంతరు తెచ్చి, బావిగట్టుమీద పెట్టారు.