కండెమ్ గదికి తాళం తీయండి!

అమలాపురం పట్టణ ప్రజలకు, అంబాజీపేట, కొత్తపేట, రాజోలు, ముమ్మిడివరం వాసులకు, ముఖ్యంగా పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే ప్రభుత్వోద్యోగులకు ఒక మాట.

ఏదైనా పాత ప్రభుత్వాఫీసు వెనక్కి వెళ్ళి చూడండి. రికార్డు రూము పక్కనో, మరుగుదొడ్డి పక్కనో తాళం వేసిన గది ఒకటి ఉంటుంది. కిటికీలోంచి తొంగిచూస్తే లావుపాటి మానిటర్లు, మూత ఊడిన సీపీయూలు, పొట్ట ఉబ్బిన యూపీఎస్ బ్యాటరీలు, ఒకదానికొకటి చిక్కుపడ్డ కీబోర్డులు కనపడతాయి. అడిగితే ‘కండెమ్ అయినవండి’ అంటారు, అంటే ఇక పనికిరావని తేల్చేసినవని. ఎప్పుడయ్యాయి? ఎవరు తేల్చారు? రేపు ఎక్కడికి పోతాయి? మూడింటికీ జవాబు ఒకటే వస్తుంది: ‘ఆ సీటు నాది కాదండి.’

ఆ గది గురించే ఈ కరపత్రం.

ఆ గదిలోవి వేలం వేస్తే ఎక్కువ పాడినవాడు పట్టుకుపోతాడు. పాత సామాను కొనేవాడికి కావలసింది రాగి, సీసం. తీగ మీది ప్లాస్టిక్కు తగలబెడితే రాగి మిగులుతుంది, బ్యాటరీ పగలగొడితే సీసం దొరుకుతుంది. పొగ, యాసిడ్డు ఊరికి మిగులుతాయి. అతని మీద మనకి కోపం లేదు, కూడు కోసం చేసే పని. తప్పు అతని చేతికి ఇచ్చినవాడిది.

మనం తాగేది ఏ నీళ్ళో కూడా ఆలోచించండి. సముద్రం దాపు ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే మధ్య డెల్టా కాలువ నీళ్ళని చెరువుల్లో నింపుకుని, వడగట్టుకుని తాగుతున్నాం. ఆ కాలువ గట్టు మీద పారబోసిన యాసిడ్డు వేరే జిల్లాకి పోదు. 2022 జులై వరదలో లంకలు మునిగినప్పుడు చూశాం కదా, నేలమీద పడున్న చెత్తకి కాళ్ళొచ్చి ఎక్కడెక్కడ తేలిందో!

ఇంకో సంగతి. ఆ సీపీయూ డబ్బాల్లో హార్డ్ డిస్కులున్నాయి. వాటిలో మన ఆధార్ నంబర్లు, పింఛను వివరాలు, ఇంటిపన్ను లెక్కలు ఉండొచ్చు. చెరపకుండా తూకానికి వేస్తే వాటితోపాటు మనం కూడా అమ్ముడుపోయినట్టే.

అసలు కంప్యూటర్లు అంత తొందరగా ఎందుకు కండెమ్ అవుతున్నాయి? 2019 అక్టోబరు 2న మన పక్కనే కరపలో గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ మొదలైంది. రాష్ట్రమంతా దాదాపు 15,000 సచివాలయాలు, ప్రతి దాంట్లో కంప్యూటర్లు, ప్రింటర్లు. అప్పుడు కొన్నవాటికి ఆరేళ్ళు దాటాయి. ఈలోగా 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 ఏమో 2017కి ముందు ప్రాసెసర్లు చాలావాటిని దగ్గరికి రానివ్వదు. యంత్రం బాగానే నడుస్తున్నా దాన్ని ‘పాతది’ అనడానికి ఒక సాకు దొరికింది. తమాషా ఏమిటంటే, విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతామని గూగుల్ ప్రకటించింది కూడా సరిగ్గా ఆ అక్టోబరు 14నే. పండగ చేసుకున్నాం, మంచిదే. మూల గదిలో సీపీయూల సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

దింపుకి పది కాయలిచ్చే కొబ్బరిచెట్టుని మన ఊళ్ళో ఎవరైనా కొట్టేస్తారా? వయసెంతని కాదు, కాపెంతని చూస్తాం. కంప్యూటర్ విషయంలో ఈ లెక్క ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. గనుల్లో లోహం తవ్వడం, చిప్పులు చెయ్యడం, ఓడలో తేవడం, వీటన్నిటికీ అయిన కాలుష్యం అది మన బల్ల మీదికి రాకముందే జరిగిపోయింది. ఒక ల్యాప్‌టాప్ జీవితకాలంలో వెలువడే కర్బనంలో ఎక్కువ భాగం తయారీలోనిదే. నాలుగేళ్ళకి మార్చేదాన్ని ఎనిమిదేళ్ళు వాడితే, ఆ తయారీ భారం ఏడాదికి సగమవుతుంది. ర్యామ్ పెంచి, పాత డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెడితే చాలా యంత్రాలు మళ్ళీ పరుగెడతాయి. విండోస్ బదులు లైనక్సు వేసుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ళ తరబడి దానిమీదే నడుస్తున్నాయి, మన హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఒక ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది. అన్ని ప్రభుత్వ సాఫ్ట్‌వేర్లూ లైనక్సు మీద నడవకపోవచ్చు. ఉత్తరాలు టైపు చేసుకునే సీటుకి, బ్రౌజర్లో పని జరిగే సీటుకి అడ్డేమిటి?

మన ఉప్పుగాలి ఇనుప గేటునే తినేస్తుంది, మదర్‌బోర్డుని వదులుతుందా? మూడు నెలలకోసారి దుమ్ము దులిపించి, కిటికీ పక్కనుంచి జరిపినా కొంత ఆయుష్షు కలిసొస్తుంది. దానికి టెండరు అక్కర్లేదండి.

చట్టం ఏమంటోంది? 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఏడాదిలో వెయ్యి, ఆపైన ఎలక్ట్రానిక్ వస్తువులు వాడే సంస్థ తన ఈ-వ్యర్థాలని నమోదైన ఉత్పత్తిదారుకో, బాగుచేసే సంస్థకో, రీసైక్లరుకో మాత్రమే ఇవ్వాలి. ‘మా దగ్గర వెయ్యి లేవు’ అని ఒక చిన్న ఆఫీసు తప్పించుకోవచ్చు. జిల్లా మొత్తం కలిపి లెక్కేస్తే? పైగా జాబితాలో కంప్యూటర్లే కాదు, ప్రింటర్లు, సెల్‌ఫోన్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు కలిపి 106 రకాలున్నాయి. వెయ్యి మాట పక్కన పెట్టినా, చెత్తలో కలిసిన ఈ-వ్యర్థాలని వేరుచేసి రీసైక్లరుకి చేర్చే బాధ్యతని అవే నిబంధనలు మున్సిపాలిటీలకి అప్పగించాయి. యూపీఎస్ బ్యాటరీలకి 2022లో విడిగా నిబంధనలొచ్చాయి.

ప్రపంచం సంగతీ చూడండి: ఐక్యరాజ్యసమితి లెక్కలో 2022లో పోగుపడ్డ ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే.

2025 ఏప్రిల్లో మన ప్రభుత్వం స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలో ‘ఈ-చెక్’ అని ఒక శనివారం ఈ-వ్యర్థాలకే కేటాయించింది. ఇళ్ళలోని పాత ఛార్జర్లు, ఫోన్లు ఇవ్వమని మనల్ని అడగడం బాగుంది. ఇప్పుడు అదే మాట మనం ఆఫీసుల్ని అడుగుదాం.

అడగాల్సింది ముందుగా లెక్క. ఏ ఆఫీసులో ఎన్ని యంత్రాలు పనిచేస్తున్నాయి, ఎన్ని మూలపడ్డాయి, గ్రామ, వార్డు వాలంటీర్లకి ఇచ్చిన సెల్‌ఫోన్లు ఇప్పుడు ఎక్కడున్నాయి. ఏ పార్టీ ఇచ్చిందన్న గొడవ మనకొద్దు, ఫోనులో ఉన్న లోహానికి పార్టీ లేదు. ఆ లెక్క మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద అతికించాలి. బాగుచేస్తే నడిచేదాన్ని కండెమ్ చేయకూడదు. చచ్చినదాన్ని డిస్కు చెరిపి, నమోదైన రీసైక్లరుకిచ్చి, రసీదు ప్రజలకి చూపించాలి. కొత్తవి కొంటే రిపేరుకి వీలైనవి, కరెంటు తక్కువ తినేవి కొనాలి.

ఉద్యోగి మిత్రులారా, మీరు మాకు శత్రువులు కారు. వార్డు సచివాలయాల్లో శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ఒక పోస్టు ఉంది, ఈ పని అక్కణ్ణుంచి మొదలవ్వచ్చు. ఇంటికెళ్ళేటప్పుడు కంప్యూటర్ ఆపండి. మానిటరుతో కలిపి 70 వాట్లు అనుకుంటే, సాయంత్రం ఆరు నుంచి పొద్దున పది దాకా ఊరికే వెలుగుతూ 1.12 యూనిట్లు తాగుతుంది. వంద కంప్యూటర్లయితే రాత్రికి 112 యూనిట్లు. ఇంకొకటి, ఆన్‌లైన్‌లో పెట్టిన దరఖాస్తునే ప్రింటు తీసి, జిరాక్సు తీసి, మళ్ళీ మీకే తెచ్చిమ్మని అడగకండి బాబూ! వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలిచ్చే ‘మన మిత్ర’ వచ్చాక కూడా చంకలో ఫైలు దిగలేదు.

అర్జీకి దారి తెలిసిందే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. అక్కడ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టొచ్చు, మున్సిపాలిటీకైతే రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి గడియార స్తంభం సెంటరుకి రండి, కలిసి వెళ్దాం. విడిగా అర్జీ కాగితం తేనక్కర్లేదు. ఈ కరపత్రం ఒకవైపే అచ్చువేయించాం, వెనక వైపు తెల్లగా ఉంది. మీ వీధి పేరుతో దానిమీదే రాసి తీసుకురండి.

ఇట్లు,
అమలాపురం పౌరులు కొందరు