రేపేం చదువుతున్నారు?

శనివారం సాయంత్రమైందంటే మా నలుగురైదుగురు మిత్రుల మధ్య ఒకటే ప్రశ్న: "రేపేం చదువుతున్నావ్?" ఏళ్ల తరబడి వస్తున్న అలవాటిది. ఒకాయన రిటైరైన సంస్కృతం మాస్టారు, ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఇంకొకాయనకి జిరాక్స్ షాపుంది. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుని, ఛాయ్ తాగుతూ ఎవరి సంచిలో ఏముందో చూపించుకోవడం మాకు పండగతో సమానం. వేరే పండగలు లేనివాళ్లం కదా మరి!

ఆ ప్రశ్నకి నేనెప్పుడూ పెద్ద పుస్తకం పేరే చెప్పేవాణ్ణి. దేబీప్రసాద్ చటోపాధ్యాయ 1959లో రాసిన 'లోకాయత' పేరు ఎన్ని శనివారాలు చెప్పుంటానో లెక్కలేదు. చదివింది ముందుమాట, మధ్యలో అక్కడక్కడా కొన్ని పేజీలు. మిగతాది ఉపన్యాసాల్లో విన్నదే. నలుగురిలో పరువు నిలబడేది, పుస్తకం మాత్రం అలమరాలోనే ఉండిపోయేది.

మూడేళ్ల కిందట ఒక కాలేజీలో మాట్లాడటానికి పిలిచారు. చార్వాకుల గురించి చెబుతూ, అప్పు చేసైనా సరే నెయ్యి తాగమన్న ఆ ప్రసిద్ధ శ్లోకాన్ని ఎత్తుకున్నాను. పరలోకం లేదని అంత ధైర్యంగా చెప్పినవాళ్లు మన దేశంలో ఆనాడే ఉన్నారని గట్టిగా అన్నాను. చప్పట్లు కొట్టారు. చివర్లో నుదుటిన విభూతి పెట్టుకున్న ఒక కుర్రాడు లేచి, "ఆ శ్లోకం ఏ గ్రంథంలో ఉంది సార్?" అన్నాడు. "చార్వాక దర్శనంలో" అన్నాను. "ఆ పేరుతో వాళ్లు రాసిన గ్రంథం దొరకలేదు కదండీ. మాధవాచార్యుల 'సర్వదర్శన సంగ్రహం'లో ఉంది. మీరు చదివారా?" అన్నాడు.

చదవలేదు. నమ్మేవాడు చదివాడు, ప్రశ్నించమని ఊరూరా చెప్పే హేతువాది చదవలేదు!

ఆ వారం సిగ్గుతోనే ఆ పుస్తకం పట్టుకున్నాను. 14వ శతాబ్దంలో, విజయనగర కాలంలో రాసింది. కోవెల్, గఫ్ 1882లో ఇంగ్లీషులోకి తెచ్చారు. అందులో చార్వాకుల అధ్యాయమే మొదటిది. నిండా ఇరవై పేజీలు కూడా ఉండదు, ఒక్క పూట పని. ఇన్నేళ్లూ ఆ ఒక్క పూట నాకు దొరకలేదన్నమాట.

అసలు సంగతి అక్కడ బయటపడింది. అదే అధ్యాయంలో ఆ శ్లోకం రెండు చోట్ల, రెండు రకాలుగా ఉంది! మొదట్లో వచ్చినప్పుడు అప్పూ లేదు, నెయ్యీ లేదు. బతికినన్నాళ్లూ సుఖంగా బతకాలి, చావుకి అందనిదేదీ లేదు అన్న అర్థం మాత్రమే ఉంది. అధ్యాయం చివర్లో వచ్చేసరికి చావు ప్రస్తావన పోయి, ఆ స్థానంలో అప్పు చేసి నెయ్యి తాగడం వచ్చింది. సంస్కృతం మాస్టారి చేత మూలం కూడా చూపించుకున్నాను. నిజమే. అప్పూ నెయ్యీ ఉన్న పాఠం చార్వాకుల మాట కాదనీ, వాళ్లను తిండిపోతులుగా చూపించడానికి తర్వాత మార్చిందనీ రామకృష్ణ భట్టాచార్య వంటి పరిశోధకులు వాదించారు. వాళ్ల వాదన సరైనదైతే, ప్రత్యర్థులు వేసిన ఎగతాళిని ఇన్నాళ్లూ నేను వేదికలెక్కి గర్వంగా మోశాను.

చదవని పుస్తకం మీద భరోసా పెట్టడం కూడా ఒక నమ్మకమే. గురువు చెప్పాడు కాబట్టి నిజం అనే భక్తుడికీ, మా ఉపన్యాసకుడు చెప్పాడు కాబట్టి నిజం అనే నాకూ తేడా ఏముంది? ఎవరిని నమ్మాం అన్నదొక్కటే కదా.

"అన్నీ మూలం చూసే మాట్లాడాలంటే నోరు విప్పేదెప్పుడు?" అని మా జిరాక్స్ మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. డాక్టరు మాట, శాస్త్రవేత్త మాట మనమూ నమ్ముతాం. కానీ వాళ్ల మాటని సరిచూసుకునే దారి తెరిచి ఉంటుంది, ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. వేదిక మీద నేను చెప్పే మాటని సరిచూసే బాధ్యత ముందు నాది. చూడకపోతే "విన్నాను" అనాలి, "ఉంది" అనకూడదు.

దీనికి ఎదురుగా నిలిచే పుస్తకం ఒకటుంది. లాహోర్‌లో ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని నిర్వాహకులు రద్దు చేస్తే, అంబేద్కర్ దాన్ని 1936లో సొంతంగా అచ్చు వేయించారు. అదే 'కుల నిర్మూలన'. 1937లో రెండో ముద్రణ వేసినప్పుడు, తన మీద గాంధీ రాసిన విమర్శను కూడా అందులో చేర్చి, దాని కిందే జవాబు రాశారు. చార్వాకుల మాటలు మనకి ఎక్కువగా ప్రత్యర్థుల పుస్తకాల్లోనే, వాళ్లు చెప్పినంత మేరకే మిగిలాయి. అంబేద్కర్ మాత్రం ప్రత్యర్థి మాటను తన పుస్తకంలోనే భద్రంగా ఉంచారు. తన వాదన మీద గట్టి నమ్మకం ఉన్నవాడు చేసే పని అది.

2013 ఆగస్టు 20న పుణెలో దభోల్కర్‌ని కాల్చి చంపారు. 2015 ఫిబ్రవరి 26న ఢాకాలో పుస్తకాల పండగ నుంచి తిరిగొస్తున్న అవిజిత్ రాయ్‌ని నరికి చంపారు. ఆ అక్టోబరు 31న ఆయన పుస్తకాలు వేసిన ప్రచురణకర్త దీపన్‌ని కూడా చంపేశారు. ఏటా వాళ్ల ఫొటోలకి నమస్కరిస్తున్నాం. వాళ్ల పుస్తకం ఒక్కటైనా చివరిదాకా చదివామా? రాసినందుకు ప్రాణం పోగొట్టుకున్న మనిషికి, చదవకుండా పెట్టే దండం ఏం గౌరవం?

ఇప్పుడు మా శనివారం ప్రశ్న మారింది. "రేపేం చదువుతున్నావ్?" అని కాదు, "పోయిన ఆదివారం ఎన్నో పేజీ దాకా వచ్చావ్?" అని. నాది 'లోకాయత' 112వ పేజీ. చిన్న అంకే, కానీ నిజం. రేపు దాంతో పాటు నాకు ఏమాత్రం నచ్చని వాదన చేసే పుస్తకం ఒకటి మొదలుపెడుతున్నాను. దాన్ని అరువిచ్చింది ఎవరనుకున్నారు? ఆ విభూతి కుర్రాడే!