మైత్రి ముసుగున వేలము

స్నేహితులును సహోద్యోగులును గూడి నడుపుకొను చీటీ స్వతః ప్రశస్తమైన యేర్పాటు. నెలనెలకు తలకొక మొత్తము వేయుట, ప్రోగైన సొమ్మును వంతువంతున నొక్కొక్కరు ఎత్తుకొనుట. దీనికి తాకట్టు లేదు, వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కుట లేదు. ఎందరి బిడ్డల చదువులో, ఎన్ని యిండ్ల కప్పులో దీనివలన సమకూరినవి. నేను ఖండింపబూనినది చీటీని కాదు, దానికి దాపురించిన పాటను.

ఇరువదిమంది ఉపాధ్యాయులు నెలకు 5,000 రూపాయల చొప్పున 20 నెలలు వేయు లక్షరూపాయల చీటీ నుదాహరణముగ గైకొందము. మొదటినెలలో నొకనికి తల్లి శస్త్రచికిత్సకు సొమ్ము కావలసివచ్చును. అతడు 30,000 వదలుకొని 70,000లకే చీటీ పాడుకొనును. వదలిన ముప్పదివేలు తలకు 1,500 చొప్పున అందరికిని పంపకమగును. ఆనాడు విరామవేళ కాఫీ త్రాగుచు, ఈ నెల పాట బాగుగ పోయినదని మనము సంతసింతుము. ఆ పదునైదువందలు ఎచ్చటనుండి వచ్చినవో యొక్కరైన విచారింతురా? అవి యా రోగిష్ఠి తల్లి మంచముకడనుండి వచ్చినవి!

తరువాతి పాటలు క్రమముగ తగ్గి తుదినెలకు సున్నయగునని యెంచి లెక్కవేసినను, ఆ మిత్రునిపై పడు వడ్డీ నూటికి నెలకు ఇంచుమించు రెండు రూపాయలు. ధర్మ్యమైన వృద్ధి నూరు పణములకు నెలకు పణముంబావు అని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. అంత ప్రాచీనుడు గీచిన గీటును మనము దాటితిమి. దాటియు దానికి మైత్రియని పేరిడితిమి. వీధిలోని వడ్డీవ్యాపారిని నిందించు నోటితోనే సహోద్యోగి కష్టమునకు ధర కట్టుచున్నాము.

"అతడు తన యిష్టముననే పాడెను గదా!" అందురు. మునుగువాడు త్రాటికై యెంత ధరయైన నొప్పుకొనును. ఆ యొప్పుకోలును ఇష్టమనుట న్యాయమా? "తుదివరకు ఆగినవానికి ప్రతిఫలమేది?" అని మఱియొక ఆక్షేపణ. ఇది కొంత సమంజసమైనదే. ముందెత్తినవాడు పరుల సొమ్ము వాడుకొనుచున్నాడు. కడపటివాడు తన సొమ్మునకు వేచియున్నాడు. కాని దీనికి వేలమే శరణ్యము కాదు. మలిచీటీలో క్రమమును త్రిప్పి, కడపటివానికి మొదటివంతు నీయవచ్చును. అట్లుగాక ముందెత్తువారు చెల్లింపవలసిన స్వల్పమొత్తమును చీటీ కట్టకమునుపే నిర్ణయింపవచ్చును. వాని యక్కఱ ముదిరినకొలది మన లాభము పెరుగు పద్ధతి మాత్రము కూడదు.

పాట లేని చీటీ నా కల్పన కాదు. 1982 నాటి చీటీనిధుల చట్టమే చీటీని నిర్వచించుచు లాటరిని, వేలమును, టెండరును మూడింటిని పేర్కొన్నది. ఆ చట్టమే ప్రభుత్వానుమతి లేక చీటీ నడుపరాదని శాసించినది. నడుపువాని ప్రతిఫలమునకు నూటికి 5గా నుండిన హద్దు 2019 నాటి సవరణచే 7 అయ్యెను. మనలో పెక్కురకు ఈ సంగతులు తెలియవు. తెలిసినవారును "మనవాడే గదా" యని రసీదైన నడుగరు. మనవాడే యొకనాడు సొమ్ముతో మాయమైనపుడు చూపుటకు కాగితము ముక్కయు నుండదు. లెక్క వ్రాయుట అపనమ్మక మనుకొనుట వెఱ్ఱి. స్నేహమును నిలుపునది లెక్కయే.

కావున ఉపాధ్యాయ సోదరులారా, చట్టమునకు లోబడి చీటీలు కట్టుడు. చీట్లు వ్రాసివేసి వంతులు నిర్ణయించుడు. ఆపద వచ్చినవానికి మీ వంతు విడిచి యిండు. ప్రతి చెల్లింపును పుస్తకమున వ్రాసి అందరిచేతను సంతకములు చేయింపుడు. తరగతిలో పరోపకారమును బోధించి, ప్రక్కగదిలో మిత్రుని యక్కఱను వేలము వేయు ఆచారము ఇకనైన మానుదము.