నెల తప్పిన మాత్రమున నిందయా?

మన భాషలో “నెల తప్పినది” యన్నచో గర్భవతి యైనదని యొక్కటే యర్థము. ఈ పలుకుబడియే పెండ్లియైన యింట పండుగ, పెండ్లికాని పిల్లకు నింద యగుచున్నది. గర్భ మొక కారణమే గాని సర్వకారణము గాదు. మిక్కిలి చిక్కిపోవుట, మనోవ్యథ, థైరాయిడు దోషము, బిడ్డకు పాలిచ్చుట, ముట్లుడుగు వయస్సు సమీపించుట, ఇవన్నియు ఋతువును తప్పింపగలవు. అండాశయములలో నీటిబుడగల వ్యాధిని స్టైను, లెవెంథాలు అను వైద్యులు 1935లోనే వర్ణించిరి.

పెద్దవారికి 21 మొదలు 35 దినముల గడువు సహజము. క్రొత్తగా రజస్వలలైన బాలికలకు 45 దినములును గావచ్చును. మూడు నెలలు ముట్టు రాకున్నచో, గర్భశంక యున్న నంతకు ముందే, వైద్యపరీక్ష యవసరము.

పరువు పోవునందురా? నిందకు వెఱచిన పిల్ల దాచును. దాచిన వ్యాధి ముదురును. గృహస్థులారా, బిడ్డను బోనెక్కింపకుడు. వైద్యురాలి కడకు గొనిపొండు.